విదేశాల్లో ఒక సెమిస్టర్: తొలి సంతకం సొంత కళాశాలలోనే

జర్నలిజం విద్యార్థులకు అవకాశాలున్నా అవగాహన కరువు
క్రెడిట్ల గుర్తింపు లేకుంటే ఆరు నెలల చదువు వృథా

కామారెడ్డి, ఎల్లారెడ్డి: ఈ ప్రాంతంలోని పల్లెలకు పాస్‌పోర్టు కొత్త కాదు. కామారెడ్డి, ఎల్లారెడ్డి, లింగంపేట, నాగిరెడ్డిపేట ప్రాంతాల నుంచి దశాబ్దాలుగా యువకులు ఉపాధి కోసం గల్ఫ్ దేశాలకు వెళ్తూనే ఉన్నారు. ఏజెంటు, మెడికల్, వీసా, టికెట్ వంటి మాటలు ఇక్కడ ప్రతి ఇంటికీ పరిచయమే. అయితే చదువు మధ్యలో ఒక్క సెమిస్టర్ కోసం విదేశానికి వెళ్లి, తిరిగి వచ్చి సొంత విశ్వవిద్యాలయం నుంచే పట్టా అందుకునే పద్ధతి ఒకటి ఉందన్న సంగతి చాలామందికి తెలియదు. ఇంజినీరింగ్, వైద్య విద్యార్థులకు సలహాలిచ్చేవారు వీధికొకరు దొరుకుతుండగా, పాత్రికేయ విద్య అభ్యసించే గ్రామీణ విద్యార్థికి దారి చూపేవారు అరుదు. ఈ నేపథ్యంలో విదేశీ సెమిస్టర్‌కు ఎలా దరఖాస్తు చేసుకోవాలి, ఖర్చు ఎవరు భరిస్తారు, ఎక్కడ మోసపోయే ప్రమాదం ఉంది అనే అంశాలపై ప్రత్యేక కథనం.

ఏమిటీ పద్ధతి?

విదేశాల్లో చదువు అనగానే రెండేళ్ల ఎంఎస్ కోర్సే గుర్తుకు రావడం సహజం. విద్యార్థి మార్పిడి పద్ధతి అందుకు భిన్నమైనది. రెండు విశ్వవిద్యాలయాలు ముందుగా పరస్పర ఒప్పందం కుదుర్చుకుంటాయి. ఇక్కడి విద్యార్థి అక్కడ, అక్కడి విద్యార్థి ఇక్కడ ఒకటి లేదా రెండు సెమిస్టర్లు చదువుతారు. సాధారణంగా విద్యార్థి బోధన రుసుమును సొంత విశ్వవిద్యాలయానికే చెల్లిస్తాడు. అక్కడ ప్రత్యేకంగా ఫీజు కట్టనవసరం లేదు. విమాన ప్రయాణం, వసతి, భోజనం, వీసా, ఆరోగ్య బీమా ఖర్చులు మాత్రం విద్యార్థివే. అక్కడ ఉత్తీర్ణత సాధించిన సబ్జెక్టుల క్రెడిట్లను ఇక్కడి విశ్వవిద్యాలయం తన మార్కుల మెమోలో కలుపుతుంది. పట్టా కూడా ఇక్కడిదే.

ఈ మొత్తం వ్యవహారానికి ఆ ఒప్పందమే పునాది. అది లేకుండా విదేశీ విశ్వవిద్యాలయం నుంచి ప్రవేశ పత్రం తెచ్చుకోవడం అసాధ్యమేమీ కాదు. కానీ అక్కడ చదివిన చదువు ఇక్కడ లెక్కలోకి రాకపోతే డబ్బు, కాలం రెండూ నష్టపోయినట్లే. అందువల్ల విదేశీ సెమిస్టర్‌కు దరఖాస్తు మొదలయ్యేది సొంత కళాశాల ప్రిన్సిపాల్ గదిలోనేనని విద్యార్థులు గ్రహించాల్సి ఉంది.

హైదరాబాద్‌కు పాత అనుబంధమే

ఈ నేల నుంచి చదువు కోసం సముద్రాలు దాటిన చరిత్ర పాతదే. సరోజినీ నాయుడు 1895లో నిజాం ఇచ్చిన ఉపకార వేతనంతో ఇంగ్లండుకు వెళ్లి లండన్‌లోని కింగ్స్ కళాశాలలో, ఆ తరువాత కేంబ్రిడ్జిలోని గిర్టన్ కళాశాలలో చదువుకున్న విషయం విదితమే. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో కమ్యూనికేషన్ విభాగం ఉన్న కళల పాఠశాలకు ఆమె పేరే పెట్టడం గమనార్హం.

ఉస్మానియా విశ్వవిద్యాలయంలో 1954లో జర్నలిజం విభాగం ప్రారంభమైనప్పుడు దానికి రూపురేఖలు దిద్దినవారు అమెరికాకు చెందిన అధ్యాపకుడు డీఫారెస్ట్ ఓడెల్. అంటే తెలుగునాట పాత్రికేయ విద్య తొలి అడుగుల్లోనే దేశాల మధ్య రాకపోకలు ఉన్నాయి. ఆనాడు గురువు అక్కడి నుంచి ఇక్కడికి వచ్చారు. నేడు శిష్యులు ఇక్కడి నుంచి అక్కడికి వెళ్లే వీలు కలిగింది.

అడగాల్సిన మూడు ప్రశ్నలు

కామారెడ్డి, నిజామాబాద్ జిల్లాల డిగ్రీ కళాశాలలు తెలంగాణ విశ్వవిద్యాలయం పరిధిలో ఉన్నాయి. 2006లో ఏర్పాటైన ఈ విశ్వవిద్యాలయానికి డిచ్‌పల్లిలో ప్రధాన ప్రాంగణం, భిక్కనూరులో దక్షిణ ప్రాంగణం ఉన్నాయి. డిచ్‌పల్లిలో మాస్ కమ్యూనికేషన్ విభాగం ఉంది. కామారెడ్డి ప్రభుత్వ ఆర్ట్స్ అండ్ సైన్స్ కళాశాలకు స్వయంప్రతిపత్తి హోదా ఉంది. స్వయంప్రతిపత్తి గల కళాశాలల్లో పరీక్షలు, సిలబస్ వ్యవహారాలను కళాశాల చూసుకున్నా, పట్టా ఇచ్చేది విశ్వవిద్యాలయమే. కాబట్టి అనుమతి రెండు చోట్ల నుంచీ అవసరమవుతుంది.

ఏ కళాశాలలో చదువుతున్నా విద్యార్థి ముందుగా మూడు ప్రశ్నలకు రాతపూర్వకంగా సమాధానం తీసుకోవాలి. ఒకటి, మన విశ్వవిద్యాలయానికి ఏ విదేశీ విద్యాసంస్థతోనైనా ప్రస్తుతం అమల్లో ఉన్న ఒప్పందం ఉందా? అందులో జర్నలిజం విభాగం చేరి ఉందా? రెండు, అక్కడ చదివిన క్రెడిట్లను ఇక్కడి సెమిస్టర్‌కు బదులుగా పరిగణిస్తారా? మూడు, ఆ ఆరు నెలల కాలంలో ఇక్కడి హాజరు, అంతర్గత పరీక్షలు, ఫీజుల సంగతి ఏమిటి? నోటిమాటగా చెప్పిన హామీ తిరిగి వచ్చాక పరీక్షల విభాగంలో చెల్లదు. సంతకం, ముద్ర ఉన్న ఉత్తరమే ఆధారం.

విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2022లో తెచ్చిన నిబంధనలు ఈ విషయంలో కొంత స్పష్టతనిచ్చాయి. ట్విన్నింగ్, ఉమ్మడి పట్టా, ద్వంద్వ పట్టా అనే మూడు విధాలుగా విదేశీ సంస్థలతో కలిసి కోర్సులు నడపడానికి అవి వీలు కల్పించాయి. ట్విన్నింగ్ విధానంలో మొత్తం క్రెడిట్లలో 30 శాతం మించకుండా విదేశంలో చదవవచ్చు. న్యాక్ గుర్తింపులో కనీసం 3.01 పాయింట్లు సాధించిన సంస్థలు, జాతీయ ర్యాంకింగ్‌లో విశ్వవిద్యాలయాల విభాగంలో తొలి 100 స్థానాల్లో ఉన్నవి, విశిష్ట విద్యాసంస్థ హోదా పొందినవి ఇందుకు అర్హమైనవి. తన విశ్వవిద్యాలయం ఈ కొలబద్దకు సరిపోతుందో లేదో తెలుసుకోవడం విద్యార్థి హక్కు.

క్రెడిట్ల లెక్క ఇదీ

ఇక్కడి పద్ధతిలో ఒక క్రెడిట్ అంటే సెమిస్టర్ మొత్తంలో సుమారు 15 గంటల తరగతి బోధన. ఐరోపా దేశాల లెక్క వేరు. అక్కడ తరగతిలో కూర్చున్న సమయంతో పాటు ఇంటివద్ద చదివినది, రాసినది, క్షేత్రంలో తిరిగినది కూడా లెక్కిస్తారు. ఒక ఐరోపా క్రెడిట్‌కు 25 నుంచి 30 గంటల శ్రమగా పరిగణిస్తారు. ఒక సెమిస్టర్‌కు 30 క్రెడిట్లు. అమెరికాలో డిగ్రీ స్థాయి విద్యార్థి పూర్తికాల విద్యార్థిగా గుర్తింపు పొందాలంటే సెమిస్టర్‌కు సాధారణంగా కనీసం 12 క్రెడిట్లు తీసుకోవాలి. ఈ మూడు లెక్కలనూ ఒకదానితో ఒకటి సరిపోల్చే అధికారం సొంత విశ్వవిద్యాలయానిదే.

అందుకే ప్రయాణానికి ముందే అభ్యసన ఒప్పందం అనే పత్రాన్ని సిద్ధం చేస్తారు. అక్కడ తీసుకోబోయే సబ్జెక్టులు ఒకవైపు, వాటికి ఇక్కడ సరితూగే సబ్జెక్టులు మరోవైపు రాసి విద్యార్థి, రెండు విశ్వవిద్యాలయాల బాధ్యులు సంతకాలు చేస్తారు. అక్కడికి వెళ్లాక ఏదైనా సబ్జెక్టు మారితే పత్రాన్ని కూడా సవరించి మళ్లీ సంతకాలు తీసుకోవాలి. ఈ చిన్న జాగ్రత్త తీసుకోకపోతే పరీక్షలు నెగ్గి వచ్చినా ఇక్కడి మెమోలో ఆ సెమిస్టర్ ఖాళీగా మిగిలే ప్రమాదం ఉంది.

మరో చిక్కు క్యాలెండర్‌ది. మన వద్ద బేసి సెమిస్టర్ వర్షాకాలంలో మొదలై శీతాకాలం నాటికి ముగుస్తుంది. ఐరోపాలోని అనేక దేశాల్లో మొదటి సెమిస్టర్ సెప్టెంబరు నుంచి జనవరి వరకు, రెండోది ఫిబ్రవరి నుంచి జూన్ వరకు సాగుతుంది. జర్మనీలో శీతాకాల సెమిస్టర్ అక్టోబరులో, వేసవి సెమిస్టర్ ఏప్రిల్‌లో మొదలవుతుంది. ఒక సెమిస్టర్‌కు వెళ్తే ఇక్కడి రెండు సెమిస్టర్ల పరీక్షలపై ప్రభావం పడే అవకాశం ఉంది. ఈ తేదీలను కాగితంపై పక్కపక్కన రాసుకుని చూసుకున్న తరువాతే దరఖాస్తుకు పూనుకోవాలి.

ఫీజు రీయింబర్స్‌మెంటు, ఉపకార వేతనం పొందుతున్న విద్యార్థులు మరింత అప్రమత్తంగా ఉండాలి. ఈ పథకాలకు 75 శాతం హాజరు నిబంధన ఉంది. విదేశంలో ఉన్న కాలాన్ని హాజరుగా పరిగణిస్తారా అనేది కళాశాల, సంక్షేమ శాఖ అధికారుల వద్ద ముందే తేల్చుకోవడం మేలు.

ఒప్పందం లేకపోతే ఎలా?

తమ కళాశాలకు ఒప్పందం లేదని తేలినంత మాత్రాన నిరాశ చెందనవసరం లేదు. విద్యార్థి ముందు మూడు మార్గాలున్నాయి.

మొదటిది, డిగ్రీ ఇక్కడే పూర్తి చేసి పీజీకి అటువంటి ఒప్పందాలున్న విశ్వవిద్యాలయానికి వెళ్లడం. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయానికి 2019లో విశిష్ట విద్యాసంస్థ హోదా దక్కింది. అక్కడ అంతర్జాతీయ వ్యవహారాలకు ప్రత్యేక కార్యాలయం ఉంది. విదేశీ విద్యార్థులు సెమిస్టర్ కోసం ఆ ప్రాంగణానికి రావడం, అక్కడివారు బయటి దేశాలకు వెళ్లడం ఆనవాయితీ. ఇంగ్లిషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలోనూ జర్నలిజం పీజీ కోర్సు ఉంది. పాత్రికేయ విద్యతో పాటు జర్మన్, ఫ్రెంచ్, స్పానిష్ వంటి భాషలు నేర్చుకునే వాతావరణం అక్కడి ప్రత్యేకత.

రెండోది, పూర్తి పీజీనే విదేశంలో చేయడం. జర్నలిజంలో ఇందుకు ప్రసిద్ధి చెందినది ఎరాస్మస్ ముండస్ కోర్సు. 2005లో ప్రారంభమైన ఈ రెండేళ్ల కోర్సులో తొలి సంవత్సరం డెన్మార్క్‌లోని ఆర్హుస్ నగరంలో సాగుతుంది. ఆర్హుస్ విశ్వవిద్యాలయం, డేనిష్ స్కూల్ ఆఫ్ మీడియా అండ్ జర్నలిజం కలిసి దీన్ని నిర్వహిస్తాయి. రెండో సంవత్సరం మరో దేశంలోని విశ్వవిద్యాలయంలో చదవాలి. ఎరాస్మస్ ముండస్ ఉపకార వేతనానికి ఎంపికైన వారికి బోధన రుసుము ఉండదు. 2021 నుంచి మంజూరైన కోర్సుల్లో నెలకు 1,400 యూరోల వంతున 24 నెలల వరకు భత్యం లభిస్తోంది. అయితే ఉపకార వేతనాల సంఖ్య పరిమితం. ప్రపంచ దేశాల నుంచి వచ్చే దరఖాస్తులతో పోటీ పడాలి. పాత్రికేయ అనుభవం ఉన్నవారికే ప్రాధాన్యం. ఏదైనా పత్రికకు విలేకరిగా పనిచేసిన ధ్రువీకరణ, ప్రచురితమైన వార్తలు ఇక్కడ అక్కరకు వస్తాయి.

మూడోది, కొంతకాలం పనిచేసి ఫెలోషిప్‌లకు వెళ్లడం. ఫుల్‌బ్రైట్-నెహ్రూ మాస్టర్స్ ఫెలోషిప్‌కు కనీసం మూడేళ్ల వృత్తి అనుభవం ఉండాలి. అమెరికా డిగ్రీ నాలుగేళ్లది కాబట్టి మన మూడేళ్ల డిగ్రీ ఒక్కటే సరిపోదు. దానిపై పీజీ లేదా పూర్తికాల పీజీ డిప్లొమా ఉండాలి. బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే చీవెనింగ్ ఉపకార వేతనానికి కనీసం రెండేళ్ల అనుభవాన్ని 2,800 గంటల పనిగా లెక్కిస్తారు. డిగ్రీ చదువుతూనే మండల విలేకరులుగా పనిచేస్తున్న యువకులు తమ పనికి ఆధారాలు భద్రపరచుకోవడం ఎంత అవసరమో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఖర్చు ఎవరు భరిస్తారు?

విదేశీ విద్య అనగానే రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే 20 లక్షల రూపాయల సాయం గుర్తుకు వస్తుంది. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి, బీసీలకు మహాత్మా జ్యోతిబా ఫులే ఓవర్సీస్ విద్యానిధి, మైనారిటీలకు ముఖ్యమంత్రి ఓవర్సీస్ ఉపకార వేతనం పేరుతో ఈ పథకాలు అమలవుతున్నాయి. అయితే ఇవి విదేశీ విశ్వవిద్యాలయంలో పూర్తి పీజీ లేదా పీహెచ్‌డీ చేసేవారికే వర్తిస్తాయి. డిగ్రీ మధ్యలో ఒక సెమిస్టర్‌కు వెళ్లేవారికి వర్తించవు. ఈ తేడా తెలియక దరఖాస్తు చేసి భంగపడే అవకాశం ఉంది. విదేశంలో జర్నలిజం పీజీకి వెళ్లదలచినవారు మాత్రం తమ కోర్సు ఆ ఏటి ప్రకటనలోని విభాగాల కిందికి వస్తుందో లేదో, ఆదాయ పరిమితి ఎంతో సంక్షేమ శాఖ కార్యాలయంలో నిర్ధారించుకుని ఈ-పాస్ వెబ్‌సైట్ ద్వారా దరఖాస్తు చేసుకోవచ్చు.

ఒక సెమిస్టర్ ఖర్చును అంచనా వేయడానికి జర్మనీ ఉదాహరణ ఉపకరిస్తుంది. ఆ దేశానికి విద్యార్థి వీసా కోరేవారు తమ జీవన వ్యయానికి నెలకు 992 యూరోల చొప్పున, ఏడాదికి 11,904 యూరోలు బ్లాక్డ్ అకౌంటులో చూపించాలని 2024 సెప్టెంబరులో నిర్ణయించారు. యూరో విలువ వంద రూపాయల చుట్టూ ఉన్నందున నెలకు సుమారు లక్ష రూపాయలన్నమాట. ఆ లెక్కన ఐదు నెలలకు 4,960 యూరోలు. దీనికి విమాన టికెట్, బీమా, వీసా రుసుము అదనం. బోధన రుసుము లేకపోయినా సామాన్య రైతు కుటుంబానికి ఇది తలకు మించిన భారమే.

అందువల్ల ఎక్స్ఛేంజ్‌తో పాటు ప్రయాణ భత్యం, నెలవారీ భత్యం ఉన్నాయా అనేది ఒప్పందంలోనే చూడాలి. ఐరోపా సమాఖ్య ఎరాస్మస్ ప్లస్ పథకం కింద జరిగే మార్పిడుల్లో అటువంటి భత్యం ఉంటుంది. బ్యాంకు రుణాల విషయానికొస్తే 7.5 లక్షల రూపాయలు దాటిన విద్యారుణానికి సాధారణంగా ఆస్తి హామీ అడుగుతారు. పట్టా పాసుపుస్తకం తాకట్టు పెట్టాల్సి వస్తే, అది ఏ చదువుకోసమో, తిరిగి తీర్చే దారి ఏమిటో ఇంటిల్లిపాదీ కూర్చుని లెక్క వేసుకోవాలి. ఒక్క సెమిస్టర్ ఉద్యోగానికి హామీ కాదు. అది అనుభవం మాత్రమే.

దరఖాస్తులో ఏం రాయాలి?

మార్కుల మెమోలు, ఆంగ్ల పరీక్ష ఫలితం, అధ్యాపకుల సిఫారసు ఉత్తరాలు, ఉద్దేశ పత్రం, పని నమూనాలు అనే ఐదు అంశాలు దరఖాస్తులో కీలకం. ఐఈఎల్‌టీఎస్ పరీక్ష ఫలితం రెండేళ్లు చెల్లుతుంది. తెలుగు మాధ్యమంలో చదివిన విద్యార్థులు చివరి నిమిషంలో కాకుండా ఏడాది ముందు నుంచే దీనికి సిద్ధం కావడం మంచిది. కొన్ని విశ్వవిద్యాలయాలు ఆంగ్ల మాధ్యమంలో చదివినట్లు కళాశాల ఇచ్చే ధ్రువపత్రాన్ని కూడా అంగీకరిస్తాయి.

జర్నలిజం విద్యార్థికి ప్రాణప్రదమైనవి పని నమూనాలు. ఇక్కడే చాలామంది పొరపాటు పడుతుంటారు. విదేశీయులకు మన జిల్లా సంగతులు ఏం తెలుస్తాయిలే అని ఢిల్లీ రాజకీయాలపైనో, ప్రపంచ వ్యవహారాలపైనో అరువు అభిప్రాయాలు రాసి పంపుతారు. ఎంపిక చేసేవారికి కావలసింది అది కాదు. ఇతరులెవరూ రాయలేని వార్త ఈ విద్యార్థి రాయగలడా అనేది వారు చూస్తారు.

ఆ విధంగా చూస్తే ఈ జిల్లా వార్తలకు కొదువ లేని నేల. గల్ఫ్‌లో మరణించిన కార్మికుడి మృతదేహం ఇంటికి చేరడానికి కుటుంబం పడే యాతన, బీడీలు చుట్టే మహిళల ఆరోగ్యం, 1931లో పూర్తయిన నిజాంసాగర్ కింద చివరి ఆయకట్టుకు నీరందని వైనం, 2025 ఆగస్టు చివరి వారంలో జిల్లాను ముంచెత్తిన వరదల తరువాత పొలాల్లో మేటవేసిన ఇసుక ప్రపంచంలో ఎక్కడి పాఠకుడికైనా అర్థమయ్యే విషయాలే. 2023 శాసనసభ ఎన్నికల్లో కె.చంద్రశేఖర్‌రావు, రేవంత్‌రెడ్డి ఇద్దరూ పోటీపడిన కామారెడ్డిలో బీజేపీ అభ్యర్థి కాటిపల్లి వెంకటరమణారెడ్డి గెలుపొందినప్పుడు దేశం దృష్టి ఇక్కడికి మళ్లింది. బయటి నుంచి వచ్చిన విలేకరి వారం రోజులు చూసినదాన్ని ఇక్కడి విద్యార్థి ఏళ్ల తరబడి చూశాడు. ఆ తేడాయే అతడి బలం.

తెలుగులో ప్రచురితమైన వార్తలను పనికిరావని పక్కన పెట్టరాదు. పత్రిక కత్తిరింపును స్కాన్ చేసి, ప్రచురణ తేదీతో పాటు పూర్తి ఆంగ్ల అనువాదం జత చేయాలి. వార్త నేపథ్యం, దానికోసం ఎవరెవరిని కలిసింది, ఏ రికార్డులు పరిశీలించింది నాలుగు వాక్యాల్లో వివరించాలి. సమాచార హక్కు చట్టం కింద పొందిన జవాబు ఆధారంగా రాసిన వార్త ఉంటే దాని విలువ మరింత పెరుగుతుంది. ఇంటర్నెట్‌లో దొరికే నమూనా ఉద్దేశ పత్రాలను మార్చి రాసి పంపితే ఇట్టే పట్టుబడతారు.

పాస్‌పోర్టు, వీసా దశలు

పాస్‌పోర్టు లేనివారు అన్నిటికంటే ముందు ఆ పని పూర్తి చేసుకోవాలి. కామారెడ్డి తపాలా కార్యాలయ పాస్‌పోర్టు సేవా కేంద్రంలో గానీ, నిజామాబాద్ కేంద్రంలో గానీ ఆన్‌లైన్ ద్వారా సమయం తీసుకుని హాజరు కావచ్చు. 36 పేజీల సాధారణ పాస్‌పోర్టుకు రుసుము 1,500 రూపాయలు. తత్కాల్‌కు మరో 2,000 రూపాయలు అదనం. పదో తరగతి ఉత్తీర్ణులకు గల్ఫ్ కార్మికుల పాస్‌పోర్టుల్లో కనిపించే ఈసీఆర్ ముద్ర ఉండదు.

గ్రామీణ విద్యార్థులకు ఎక్కువగా ఎదురయ్యే అడ్డంకి పేర్ల తేడా. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా, ఆధార్‌లో పూర్తిగా, డిగ్రీ మెమోలో పేరు చివర ఉండటం సాధారణం. వీసా అధికారి ముందు ఈ మూడూ మూడు పేర్లుగా కనిపిస్తాయి. దరఖాస్తుకు ముందే అన్ని పత్రాల్లో పేరు, పుట్టిన తేదీ ఒకే విధంగా ఉండేలా సరిచేసుకోవాలి.

అమెరికాకు మార్పిడి విద్యార్థిగా వెళ్లేవారికి జే-1 వీసా ఇస్తారు. అక్కడి విశ్వవిద్యాలయం పంపే డీఎస్-2019 పత్రం దీనికి ఆధారం. వీసా రుసుము 2023 జూన్‌లో 185 డాలర్లకు పెరిగింది. సెవిస్ రుసుము 220 డాలర్లు ప్రత్యేకం. 2025లో అమెరికా చట్టం చేసిన మరో 250 డాలర్ల రుసుము దరఖాస్తు నాటికి వర్తిస్తుందో లేదో చూసుకోవాలి. హైదరాబాద్‌లోని అమెరికా కాన్సులేట్ 2023 నుంచి నానక్‌రామ్‌గూడలో పనిచేస్తోంది. 2025 జూన్ నుంచి విద్యార్థి, మార్పిడి వీసాల దరఖాస్తుదారులు తమ సామాజిక మాధ్యమ ఖాతాలను అందరికీ కనిపించేలా తెరిచి ఉంచాలని అమెరికా నిబంధన పెట్టింది. వృత్తిరీత్యా ప్రతి విషయంపైనా స్పందించే జర్నలిజం విద్యార్థులు ఈ నిబంధనను ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి.

ఐరోపా దేశాల్లో 90 రోజులకు మించి ఉండాలంటే పర్యాటక వీసా చెల్లదు. ఆయా దేశాల దీర్ఘకాల వీసా అవసరం. బ్రిటన్‌లో గుర్తింపు పొందిన సంస్థలో ఆరు నెలల లోపు చదువుకు సందర్శక వీసాతో వెళ్లే వీలుంది. కానీ ఆ వీసాపై పనిచేయడం నిషిద్ధం. చదువు వీసాపై వెళ్లి అక్కడి పత్రికలకో, ఛానళ్లకో జీతానికి పనిచేయవచ్చని ఎవరైనా చెబితే గుడ్డిగా నమ్మరాదు. ఇంటర్న్‌షిప్‌కు సైతం ముందస్తు అనుమతి కావాల్సి ఉంటుంది.

కన్సల్టెన్సీలతో జాగ్రత్త

గల్ఫ్ ఏజెంట్ల చేతిలో మోసపోయిన కుటుంబాల గోడు ఈ ప్రాంతానికి కొత్త కాదు. విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపే ఏజెంట్లు 1983 నాటి వలసల చట్టం ప్రకారం నమోదు కావాల్సి ఉంది. చదువుల కోసం పంపే కన్సల్టెన్సీలు ఆ చట్టం పరిధిలోకి రావు. అందువల్ల జాగ్రత్త మరింత అవసరం.

నిజమైన మార్పిడి కార్యక్రమంలో విద్యార్థిని ఎంపిక చేసి పంపేది సొంత విశ్వవిద్యాలయమే. మధ్యవర్తికి అక్కడ స్థానం లేదు. సెమిస్టర్ ఎక్స్ఛేంజ్ సీటు ఇప్పిస్తామని డబ్బు అడిగేవారి మాటను అనుమానించాల్సిందే. ఖాతాలో డబ్బు ఉన్నట్లు తాత్కాలికంగా చూపిస్తామనడం, అనుభవ ధ్రువపత్రాలు తయారు చేసి ఇస్తామనడం నేరానికి దారితీసే మాటలు. తప్పుడు పత్రాలు బయటపడితే వీసా నిరాకరణతో ఆగదు, భవిష్యత్తులోనూ ఆ మచ్చ వెంటాడుతుంది. సమాచారం కోసం డబ్బు ఖర్చు పెట్టనవసరం కూడా లేదు. అమెరికాకు సంబంధించి ఎడ్యుకేషన్ యూఎస్ఏ, జర్మనీకి డాడ్, ఫ్రాన్స్‌కు క్యాంపస్ ఫ్రాన్స్ సంస్థలు విద్యార్థులకు అధికారిక సమాచారం అందిస్తున్నాయి.

ఏడాది ముందే ఏర్పాట్లు

వచ్చే ఏడాది సెప్టెంబరులో మొదలయ్యే సెమిస్టర్‌కు వెళ్లదలచిన విద్యార్థి ఈ ఏడాది సెప్టెంబరులోనే పని ప్రారంభించాలి. తొలి రెండు నెలల్లో విశ్వవిద్యాలయ ఒప్పందాల వివరాలు, పాస్‌పోర్టు, పేర్ల సవరణ పూర్తి చేసుకోవాలి. డిసెంబరు నాటికి ఆంగ్ల పరీక్ష రాయాలి. జనవరి, ఫిబ్రవరి నెలల్లో నమూనాల అనువాదం, ఉద్దేశ పత్రం, సిఫారసు ఉత్తరాలు సిద్ధం చేయాలి. సాధారణంగా మార్చి, ఏప్రిల్ నెలల్లో సొంత విశ్వవిద్యాలయం పేర్లను ప్రతిపాదిస్తుంది. మే నెలలో అభ్యసన ఒప్పందంపై సంతకాలు, జూన్, జూలై నెలల్లో వీసా ప్రక్రియ జరుగుతాయి. తేదీలు దేశాన్ని, విశ్వవిద్యాలయాన్ని బట్టి మారుతుంటాయి.

ఎల్లారెడ్డి నుంచి డిచ్‌పల్లికి వెళ్లి రావడమే ఒక రోజు పని అయిన విద్యార్థికి ఈ పనులన్నీ ఒంటరిగా చేసుకోవడం కష్టసాధ్యమే. కళాశాలల్లో ఒక అధ్యాపకుడికి ఈ బాధ్యత అప్పగించి, ఒప్పందాల వివరాలను నోటీసు బోర్డుపై ఉంచితే ఎంతోమందికి మేలు జరుగుతుంది. అందుకు ప్రత్యేక నిధులేవీ అక్కరలేదు. కావలసింది శ్రద్ధ మాత్రమే.

ఈ జిల్లా నుంచి విదేశాలకు వెళ్లినవారి కథలు ఇంతకాలం ఇతరులే రాశారు. పరాయి దేశంలో ఆరు నెలలు మెలిగి, అక్కడి పత్రికలు పనిచేసే తీరు చూసి, తిరిగి వచ్చిన ఒక్క విద్యార్థి ఆ కథలను స్వయంగా రాయగలిగితే ఈ శ్రమంతా సార్థకమవుతుంది. అందుకు పడాల్సిన తొలి అడుగు విమానాశ్రయం వైపు కాదు, సొంత కళాశాల కార్యాలయం వైపు.